బూజు పెంచే విద్య

చైనాలోని జెజియాంగ్ రాష్ట్రంలో యీవూ అని ఒక ఊరుంది. సారం లేని ఎర్రనేల. మనిషికి వచ్చే భూమి కూడా తక్కువే. పొలం పనులు లేని చలికాలంలో అక్కడి రైతులు కావడి బుట్టల్లో ఎర్ర చక్కెర అచ్చులు పెట్టుకుని, చేతిలో చిన్న డమరుకం ఆడించుకుంటూ ఊరూరా తిరిగేవాళ్ళు. చక్కెర ముక్క ఇచ్చి కోడి ఈకలు పుచ్చుకునేవాళ్ళు. మంచి ఈకలు దుమ్ము దులిపే కుంచెలకు పోతే, మిగిలినవి వరిమడికి ఎరువయ్యేవి. తరతరాలుగా సాగిన ఈ బేరం మావో కాలంలో నేరమైంది. మనుషుల్ని తరిమారు, సరుకు లాక్కున్నారు. 1982లో ఫెంగ్ ఐచియాన్ అనే వీధి వ్యాపారి ఒకామె, కొత్తగా వచ్చిన కౌంటీ పార్టీ కార్యదర్శి షియే గావోహువాను నిలదీసింది. బతకడానికి నాలుగు వస్తువులు అమ్ముకుంటుంటే ఎందుకు తరుముతున్నారని అడిగింది. ఆయన ఆమెను కూచోబెట్టి చెప్పిందంతా విన్నాడు. ఆ సెప్టెంబరులోనే ఒక వీధిలో సిమెంటు పలకలు పరిచి, ఇక్కడ అమ్ముకోండి అన్నారు. ఆ వీధి పెరిగి పెరిగి ఇవాళ 75 వేల దుకాణాలున్న సంత అయింది. ప్రపంచంలో క్రిస్మస్ అలంకరణలు ఎక్కువ భాగం పోయేది అక్కడినుంచే. 2014 నవంబరులో ఆ ఊరినుంచి బయల్దేరిన గూడ్సు బండి దాదాపు 13 వేల కిలోమీటర్లు నడిచి డిసెంబరులో స్పెయిన్‌లోని మాడ్రిడ్ చేరింది.

ఆ కోడి ఈకలవాళ్ళలాంటి మనుషులు మన వీధుల్లోకీ వస్తారు. దువ్వుకున్నప్పుడు రాలిన జుట్టును ఆడవాళ్ళు ఉండ చుట్టి కిటికీ పక్కన సంచిలో దాస్తారు. జుట్టుకు గిన్నెలిస్తామనే కేక వినబడగానే ఆ సంచి బయటికొస్తుంది. అతను తూకం చూసి, ఓ స్టీలు గిన్నో ప్లాస్టిక్ బుట్టో చేతిలో పెట్టి సాగిపోతాడు. ఆ జుట్టులో చాలా భాగం చేతులు మారి మారి చైనా చేరుతుంది. హెనాన్ రాష్ట్రంలో షూచాంగ్ అనే ఊళ్ళో ఎంతోమంది విగ్గుల మీదే బతుకుతున్నారు. కోడి ఈకలు కొన్న మనిషికీ, మన వీధిలో జుట్టు కొనే మనిషికీ తెలివిలో తేడా ఉందంటే నేను ఒప్పుకోను. ఒకరికి కూచోవడానికి ఒక వీధి దొరికింది, వెనక ఫ్యాక్టరీలు లేచాయి, చేసిన పనినే మళ్ళీ మళ్ళీ చేసి మెరుగుపరుచుకునే వ్యవధి దొరికింది. మరొకరు ఇంకా తిరుగుతూనే ఉన్నారు.

చైనా మాటెత్తితే మన దగ్గర వినబడేవి రెండే: చవక సరుకు, శత్రువు సరుకు. రెండూ దుకాణం ముందు నిలబడి చూసినవాళ్ళ మాటలే. దుకాణం వెనక ఏం జరుగుతుందో ఆ మాటల్లో ఉండదు. ఒక దేశం ప్రపంచానికంతటికీ వస్తువులు చేసిపెట్టడం మొదలుపెట్టాక మిగతా ఊళ్ళలో చేతులకు అలవాటు తప్పుతుంది. వస్తువైతే ఎప్పుడైనా కొనుక్కోవచ్చు. తప్పిన అలవాటు ఏ బజారులోనూ దొరకదు. నా బెంగంతా దీని గురించే.

ఇది చైనాతోనే మొదలవలేదు. మాంచెస్టర్ మిల్లు బట్ట వచ్చి మచిలీపట్నం అద్దకాలనూ కోస్తా మగ్గాలనూ ఏం చేసిందో మనకు ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. వేగం మాత్రం కొత్తది. 2001 డిసెంబరులో చైనా ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరింది. 2010 నాటికి ఫ్యాక్టరీ ఉత్పత్తిలో అమెరికాను దాటేసింది. ఇప్పుడు ప్రపంచ ఫ్యాక్టరీ ఉత్పత్తిలో దాదాపు 30 శాతం ఆ ఒక్క దేశానిదే. ఇటు అమెరికాలో 1999కీ 2011కీ మధ్య చైనా దిగుమతుల పోటీవల్ల పోయిన ఉద్యోగాలు 20 లక్షలకు పైనే ఉంటాయని డేవిడ్ ఆటర్, ఆయనతో పనిచేసిన ఆర్థికవేత్తలు లెక్కగట్టారు. పుస్తకాల్లోని సూత్రం ప్రకారం ఒకచోట పని పోతే మనుషులు ఇంకో ఊరికి వెళ్ళి ఇంకో పని వెతుక్కోవాలి. కుర్చీలూ బల్లలూ చేసే ఊళ్ళలో అలా జరగలేదు. చాలామంది అక్కడే ఉండిపోయారు, తక్కువ జీతంతోనో, అసలు జీతమే లేకుండానో.

పశ్చిమాఫ్రికాలో టోగో దేశ రాజధాని లోమేలో నానా బెంజ్‌లని పేరుపడ్డ ఆడవాళ్ళుండేవారు. హాలెండ్ కంపెనీ అచ్చువేసిన మైనం అద్దకం బట్టలను టోకున తెప్పించి, చుట్టుపక్కల దేశాలన్నింటికీ అమ్మేవాళ్ళు. ఏ డిజైను ఎవరు అమ్మాలన్న హక్కులు కూడా వాళ్ళ మధ్యనే ఉండేవి. కొత్త బట్ట రాగానే దానికి ఒక పేరు పెట్టేది వాళ్ళే. ఆ పేరు జనం నోట పడితేనే బట్ట చెల్లేది. ఆ డబ్బుతో మెర్సిడెస్ బెంజ్ కార్లు కొన్నారు కాబట్టి వాళ్ళకా పేరు. 1994లో ఆ ప్రాంతపు కరెన్సీ విలువను సగానికి తగ్గించడంతో ఒక దెబ్బ తగిలింది. తర్వాత అవే డిజైన్లు చైనాలో అచ్చయి అతి తక్కువ ధరకు దిగాయి. వాళ్ళ తరవాతి తరం ఆడవాళ్ళు ఇప్పుడు తామే చైనాకు విమానమెక్కి వెళ్ళి ఫ్యాక్టరీలకు ఆర్డర్లిస్తున్నారు. పాతతరం ఆస్తి పోగొట్టుకుందని జాలిపడాలో, కొత్తతరం దారి వెతుక్కుందని సంతోషించాలో నేను తేల్చుకోలేను. పేదింటి ఆడపిల్ల కూడా పండక్కి కొత్తబట్ట కట్టుకోగలుగుతోంది. అది మాత్రం చిన్న విషయం కాదు.

ధర్మవరంలో ఒక నేతగాని ఇంటికి వెళ్ళినప్పుడు ఈ సంగతి చాలా దగ్గరగా చూశాను. గుంట మగ్గం. మగ్గం మీద సగం నేసిన పెళ్ళి చీర. పెద్దాయన పడుగు మీద అరచేయి ఆనించి మెల్లగా ఇవతలికి జరిపాడు. వేల పోగులు, ఒక్కటీ లేచి నిలబడలేదు. “ఇది చైనా పట్టు నాయనా,” అన్నాడు. “మన దారమైతే అక్కడ లావు, ఇక్కడ సన్నం. తెగతాది. తెగినప్పుడల్లా ముడేసుకుంటా కూచోవాల. దీనికా బాధ లేదు. ఒకటే తీరుగా పోతాది.” నాకు వెంటనే మాట రాలేదు. హిందూపురం చుట్టుపక్కల మల్బరీ వేసిన రైతులు చైనా పట్టు వచ్చి గూళ్ళ ధర పడగొట్టిందని గగ్గోలు పెట్టిన సంగతి నాకు తెలుసు. 2000 తర్వాత ఆ పట్టు వెల్లువలా వచ్చిపడితే కేంద్రం యాంటీ డంపింగ్ సుంకం వేసిన సంగతీ తెలుసు. ఒకే జిల్లాలో గూడు పండించేవాడు ఆ దారం రావద్దంటాడు, మగ్గం మీద కూచున్నవాడు కావాలంటాడు. ఇద్దరూ కష్టజీవులే, ఇద్దరి మాటలోనూ న్యాయముంది.

ఆ దారం అలా జారిపోవడానికి కారణం చవక కూలీ ఒక్కటే అనుకుంటే పొరబడతాం. చల్లటి వాతావరణంలో పెరిగే బైవోల్టిన్ పురుగు తెల్లటి గూడు కడుతుంది. దాని పోగు పొడుగ్గా, ఒకే మందంలో వస్తుంది. మన ఎండలకు తట్టుకునే సంకర జాతి పురుగు పసుపు గూడు కడుతుంది, పోగు పొట్టి. చైనావాళ్ళు పురుగు జాతిని ఎంచుకున్నారు, గుడ్లను అదుపులో పెట్టారు, గూటినుంచి దారం తీసే రీలింగ్‌ను మిషన్ల మీదికి తెచ్చారు. మనం 1990లలో జపాన్ నిపుణుల సాయంతో దక్షిణాదిలో బైవోల్టిన్ పెంచడం నేర్చుకోవడం మొదలుపెట్టాం. ఇప్పుడు మన రీలర్లు ఆటోమేటిక్ మిషన్లు పెట్టి మంచి దారమే తీస్తున్నారు. ఆ మిషన్లు వచ్చింది కూడా చైనానుంచే.

ఈ కథలో నన్ను ఎక్కువ ఆలోచింపజేసిన మలుపు మాత్రం చైనాలోనే జరిగింది. వేల ఏళ్ళుగా పట్టుకు పేరుమోసిన జెజియాంగ్, జియాంగ్సు రాష్ట్రాల్లో ఫ్యాక్టరీలు లేచాక పురుగులకు రాత్రీపగలూ ఆకు వేసే మనుషులు దొరకలేదు. మల్బరీ తోటలు పోయి షెడ్లు వచ్చాయి. 2000 తర్వాత అక్కడి ప్రభుత్వం పట్టును తూర్పునుంచి పడమరకు, గ్వాంగ్షీ లాంటి వెనకబడ్డ రాష్ట్రాలకు తరలించింది. జెజియాంగ్‌లోని హాంగ్‌జౌ చుట్టూ పట్టుపురుగు పెంచడం తెలిసిన ముసలివాళ్ళు పోతే, వాళ్ళ ఇంట్లో ఆ పని తెలిసినవాళ్ళు ఉండరు. ఎదిగే దేశం పరాయివాళ్ళ చేతుల్లోని విద్యను తీసుకుపోయినట్టే సొంత ఊళ్ళ విద్యనూ తినేస్తుంది. చైనా పట్టు మనల్ని ముంచిందని తిట్టేటప్పుడు ఆ తూర్పు పల్లెలు నాకు గుర్తొస్తాయి, తిట్టలేకపోతాను.

అమ్మేవాడిగా చైనా మనకు బాగా తెలుసు. కొనేవాడిగా దాని బలం గుంటూరు మిర్చియార్డులో అడిగితే చెబుతారు. తేజ రకం కాయకు చైనా ఆర్డర్లున్నాయంటే ఉదయానికల్లా యార్డులో మాట తీరు మారుతుంది. లేవంటే కోల్డ్ స్టోరేజీల్లో బస్తాలు కదలవు. కారం పిండి సారం తీసే ఫ్యాక్టరీ ఏ ఊళ్ళో ఉందో మిర్చి వేసిన రైతుకు తెలియదు, కానీ అతని కూతురి పెళ్ళి ముహూర్తం ఆ ఫ్యాక్టరీ చేతిలో ఉంటుంది. ప్రకాశం జిల్లా చీమకుర్తిలో నల్లరాతిలో బంగారు చుక్కలు మెరిసే బ్లాక్ గెలాక్సీ గ్రానైటుదీ ఇదే కథ. క్వారీలోంచి తీసిన ముడిరాయి దిమ్మెలుగానే ఎంతో భాగం ఓడెక్కుతుంది. కొయ్యడం, మెరుగుపెట్టడం, ఎక్కువ ధరకు అమ్మడం అవతలి ఒడ్డున జరుగుతాయి. మనకు మిగిలేవి నీళ్ళు నిండిన గుంతలు, దుమ్ము పీల్చిన ఊపిరితిత్తులు. రాయి మనదైనప్పుడు దాన్ని పలకగా కోసే పనీ మన పిల్లలదే కావాలని నేను గట్టిగా నమ్ముతాను. చిలీలో రాగి, ఆస్ట్రేలియాలో ఇనుప ఖనిజం, బ్రెజిల్‌లో సోయా కూడా ఒకే కొనుగోలుదారు ఆకలిని బట్టి లేస్తూ పడుతూ ఉన్నాయి.

మేలు చెప్పకపోతే అన్యాయమవుతుంది. సౌర ఫలకాల తయారీలో ప్రతి దశలోనూ 80 శాతానికి పైగా చైనా చేతిలో ఉంది. వాటి ధర 2010 తర్వాతి పదేళ్ళలో సుమారు 90 శాతం పడిపోయింది. 2024లో పాకిస్తాన్ దాదాపు 17 గిగావాట్ల ఫలకాలు దిగుమతి చేసుకుంది. ఆ పని పెద్ద ప్రభుత్వ పథకమేదో చేయలేదు. కరెంటు బిల్లు కట్టలేని ఇళ్ళవాళ్ళు, బోర్లున్న రైతులు, చిన్న మిల్లుల యజమానులు తమంతట తామే కొని మిద్దెలమీద పెట్టుకున్నారు. భూమి వేడెక్కుతున్న కాలంలో ఇంత చవగ్గా ఎండను కరెంటు చేసే సాధనాన్ని చేసిపెట్టినవాళ్ళకు ప్రపంచం రుణపడి ఉంది. ఈ మాట అనడానికి నాకు సంకోచం లేదు.

ఆ రుణం ఎవరికో కూడా చెప్పుకోవాలి. 2023 లెక్కల్లో చైనాలో ఊరు విడిచి పనికి వెళ్ళినవాళ్ళు, ఊరికి దగ్గర్లోనే పొలం మాని వేరే పని పట్టినవాళ్ళు కలిపి 29 కోట్ల 75 లక్షల మంది. పాలమూరు వలసలు, శ్రీకాకుళం వలసలు చూసిన మనకు పొట్ట చేతపట్టుకుని పోవడం అంటే ఏమిటో తెలుసు. అయితే అక్కడ హుకోవు అనే నివాస చిట్టా ఉంది. పల్లెలో పుట్టినవాడు నగరంలో ఇరవయ్యేళ్ళు పనిచేసినా పిల్లల్ని అక్కడి బడిలో వేయడం, ఆసుపత్రిలో అందరితోపాటు వైద్యం పొందడం అంత సులువు కాదు. అందుకే పిల్లలు తాతా నాయనమ్మల దగ్గర ఊళ్ళోనే ఉండిపోతారు. అమ్మానాన్నలు చాంద్రమాన సంవత్సరాదికి కిక్కిరిసిన రైళ్ళలో ఏడాదికోసారి ఇంటికొస్తారు. షెంజెన్‌లో ఒక ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో పనిచేసిన షూ లిజి అనే కుర్రవాడు అసెంబ్లీ లైను మీద బతుకు ఎలా అరిగిపోతుందో కవితలు రాశాడు. 2014లో, 24 ఏళ్ళ వయసులో తన ప్రాణం తానే తీసుకున్నాడు. అతను చనిపోయాకే ఆ కవితలు చాలా భాషల్లోకి వెళ్ళాయి. చేతిలో ఫోను పట్టుకుని చైనా సరుకు నాణ్యత గురించి తేలిగ్గా మాట్లాడేవాళ్ళను చూసినప్పుడు నాకు అతను గుర్తొచ్చి మనసు చివుక్కుమంటుంది.

ఇక మందుల సంగతి. ఇది మన హైదరాబాద్ కథ కూడా.

1950లలో సోవియట్ యూనియన్ సాయంతో చైనా హెబేయి రాష్ట్రంలోని షీజియాజువాంగ్‌లో పెద్ద యాంటీబయాటిక్ ఫ్యాక్టరీ కట్టుకుంది. 1958లో అక్కడ పెనిసిలిన్ తయారీ మొదలైంది. మనకు పింప్రీలో హిందుస్థాన్ యాంటీబయాటిక్స్ అంతకుముందే, 1954లో వచ్చింది. 1961లో ప్రభుత్వ సంస్థ ఇండియన్ డ్రగ్స్ అండ్ ఫార్మాస్యూటికల్స్ (ఐడీపీఎల్) పుట్టింది. అదే సోవియట్ సాయంతో రిషీకేశ్‌లో యాంటీబయాటిక్ ఫ్యాక్టరీ, హైదరాబాద్ బాలానగర్‌లో సింథటిక్ డ్రగ్స్ ఫ్యాక్టరీ లేచాయి. బాలానగర్‌లో పని నేర్చుకున్న కెమిస్టులు బయటికొచ్చి పెట్టిన కంపెనీలే హైదరాబాద్‌ను మందుల ముడిసరుకైన బల్క్ డ్రగ్స్‌కు రాజధాని చేశాయి. డాక్టర్ రెడ్డీస్ స్థాపించిన అంజిరెడ్డి ఐడీపీఎల్‌లో పనిచేసినవారే. 1970 పేటెంట్ చట్టం ఆ విద్యకు తలుపు తీసింది. రెండు దేశాలు దాదాపు ఒకే గురువు దగ్గర, ఒకే కాలంలో పాఠం మొదలుపెట్టాయి.

పెనిసిలిన్ ఒక బూజు ఇచ్చే మందు. ఇవాళ ప్రపంచం వాడే బూజు జాతి మూలం 1943లో అమెరికాలోని పియోరియా అనే ఊళ్ళో కుళ్ళిన ఖర్బూజా మీద దొరికింది. దాన్ని పెంచడానికి మిద్దెలంత ఎత్తు స్టీలు ట్యాంకులు కావాలి. చక్కెర, మొక్కజొన్న నానబెట్టిన గంజి, క్రిములు లేకుండా వడకట్టిన గాలి నిరంతరం అందాలి. వేడి ఎక్కువైతే బూజు మందు ఇవ్వదు. చక్కెర ఒక్కసారిగా పోస్తే బలిసిపోతుందే తప్ప పెనిసిలిన్ చేయదు, కొంచెంకొంచెంగా తినిపించాలి. ఏ వాల్వు సందులోంచో చిన్న క్రిమి దూరితే రోజుల తరబడి పెంచిన ట్యాంకు మొత్తం కాలవపాలు. ట్యాంకు దగ్గర ఏళ్ళ తరబడి ఉన్న మనిషి నురగ తీరు చూసి, వాసన చూసి తేడా పసిగడతాడు. ఆ నేర్పు పుస్తకంలోంచి రాదు. ఒక్కో ఏడాది బూజు జాతిని కాస్త మెరుగుపరుస్తూ పోతే దిగుబడి పెరుగుతుంది, ఖర్చు తగ్గుతుంది. ఒక్క ఏడాది ఆపినా వెనకబడతాం.

మనం ఆపేశాం. ఇన్నర్ మంగోలియా లాంటి చోట్ల, మొక్కజొన్నా బొగ్గూ చేతికందే దూరంలో, చైనా మహా పెద్ద ట్యాంకులు పెట్టింది. ధర దిగుతూ వచ్చింది. మన కంపెనీలకు పెనిసిలిన్-జి సొంతంగా చేసుకోవడం కన్నా కొనుక్కోవడమే లాభమైంది. 2000 దశకం సాగేసరికి బూజు పెంచే మన ట్యాంకులు ఆగిపోయాయి. అప్పుడు అందరికీ అది తెలివైన లెక్కలాగే కనిపించింది. ఆ లెక్కవల్లే పెనిసిలిన్-జి నుంచి చేసే అమాక్సిసిలిన్ మాత్ర ఊరి మెడికల్ షాపులో కూలివాడి చేతికందే ధరకు వచ్చింది. పసిపిల్లల ప్రాణాలు నిలిచాయి. దాన్ని తప్పు పట్టే ధైర్యం నాకు లేదు. కానీ హైదరాబాద్‌లో తయారైందని రేకు మీద రాసి ఉన్న ఆ మాత్రకు మూలమైన బూజు ఎక్కడో గోబీ ఎడారి అంచున పెరిగింది. బల్క్ డ్రగ్స్ దిగుమతుల్లో మూడింట రెండొంతులు ఒక్క దేశంనుంచే వస్తున్నాయని దేశమంతా గుర్తించింది 2020లోనే. కరోనాతో వుహాన్ మూతపడింది. ముడిసరుకు ధరలు లేచాయి. మార్చి 3న మన ప్రభుత్వం పారాసిటమాల్‌తో సహా 26 మందుల, ముడిపదార్థాల ఎగుమతికి అడ్డుకట్ట వేయాల్సి వచ్చింది. ప్రపంచానికి మందుల దుకాణమని పేరున్న దేశం తన అల్మరా తాళం తనే వేసుకుంది.

ఆ ఏడాదే కేంద్రం బల్క్ డ్రగ్స్ తయారీకి 6,940 కోట్ల రూపాయల ప్రోత్సాహక పథకం ప్రకటించింది. దాని కింద అరబిందో ఫార్మా అనుబంధ సంస్థ కాకినాడ దగ్గర ఏడాదికి 15 వేల టన్నుల సామర్థ్యంతో పెనిసిలిన్-జి ఫ్యాక్టరీ కట్టింది. 2024లో ఉత్పత్తి మొదలైంది. మన దేశంలో పెనిసిలిన్ బూజు మళ్ళీ పెద్ద ఎత్తున పెరగడం ఇన్నేళ్ళకు. ఇటు మనది మొదలవుతుండగానే అటు చైనా ధర దిగడం మొదలైంది. దీన్ని కుట్ర అని ఒక్క మాటలో కొట్టిపారేయను. దశాబ్దాల తరబడి బూజును సాకినవాడికి ధర దించే వెసులుబాటు ఉంటుంది. నిన్న మొదలుపెట్టినవాడికి ఉండదు.

మన కంపెనీలు మళ్ళీ పాత లెక్కే వేస్తాయా అన్నది ఇప్పటి ప్రశ్న. కిలోకు కొన్ని వందలు తేడా వస్తే మాత్రలు చేసేవాళ్ళు దిగుమతి సరుకే కొంటారు, వాళ్ళ వ్యాపారం అది. రక్షణ సుంకమో, కనీస ధరో పెడితే మందు రేటు పెరుగుతుందని వాళ్ళే అభ్యంతరం చెబుతారు. అందులోనూ నిజముంది. నా మట్టుకు నేను అమాక్సిసిలిన్ రేకు మీద రెండు రూపాయలు ఎక్కువ ఇవ్వడానికి సిద్ధం. ఇవ్వలేనివాళ్ళకు ప్రభుత్వాసుపత్రి ద్వారా ఆ భారం ఖజానా మొయ్యాలి. కాకినాడలో రాత్రి షిఫ్టులో ట్యాంకు పక్కన కూచున్న కుర్రవాళ్ళు గోదావరి జిల్లాల డిగ్రీ కాలేజీల్లో మైక్రోబయాలజీ చదివి వచ్చిన పిల్లలు. మొదటి రెండు మూడేళ్ళు కొన్ని బ్యాచ్‌లు చెడతాయి. దిగుబడి షీజియాజువాంగ్ స్థాయికి రాదు. బ్యాలెన్స్ షీటులో ఎర్ర అంకెలు కనిపిస్తాయి. అప్పుడు ఢిల్లీలోనూ ముంబయిలోనూ ఈ ట్యాంకులు ఆపేద్దామనే మాట వస్తుంది. యీవూలో సిమెంటు పలకలు పరిచినప్పుడు ఎవరూ మూడేళ్ళలో లాభం చూపమనలేదు. ఈ పిల్లలకు కనీసం పదేళ్ళు ఇవ్వాలి.